టీవీ బోర్డులో ఉబ్బిన కెపాసిటర్

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట): మా పాత టీవీ పవర్ బోర్డులో 1000 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్ (విద్యుత్తును నిల్వ ఉంచే భాగం) తల ఉబ్బింది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో ఎంతసేపు కాల్చినా టంకం కరగడం లేదు, కింద రాగి పూత లేచేలా ఉంది. ఏమి చేయాలి?

జవాబు (విజయవాడ): ముందు ఐరన్ పక్కన పెట్టండి. ప్లగ్ తీసినా అక్కడి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. కుర్రతనంలో నేను దాన్ని స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేశాను. మొనలో పడిన గుంట ఇప్పటికీ ఉంది. రెసిస్టర్ (కరెంటును తగ్గించే భాగం) ద్వారా ఖాళీ చేసి, మీటరుతో చూసుకోండి. సీసం లేని టంకం సుమారు 217 డిగ్రీలకు గానీ కరగదు. దాని మీద ఫ్లక్స్ (టంకం సాఫీగా పారేలా చేసే పదార్థం), కాస్త 60/40 టంకం (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం) వేస్తే త్వరగా లొంగుతుంది. కెపాసిటర్‌ను లాగవద్దు, దానంతట అదే జారాలి.

మరొకరు: కెపాసిటర్ మీద పట్టీ ఉన్న వైపు నెగటివ్. 105 డిగ్రీల వేడి తట్టుకునే రకమే కొనండి. కిటికీ తెరవండి, టంకంలో సీసం ఉంటుంది కాబట్టి చేతులు కడగకుండా టిఫిన్ ముట్టవద్దు.

ప్రశ్న అడిగినవారు: మీటరు 290 చూపింది! చెమటలు పట్టాయి. ఖాళీ చేశాక కొత్తది బిగించాను, బొమ్మ వచ్చింది.