కొత్త ఇంట్లో గాలి పరీక్ష: ఎవరితో చేయించారు, ఏమి తేలింది?

మాధవి_నార్సింగి
అందరికీ నమస్కారం. నార్సింగిలో తొమ్మిదో అంతస్తులో ఉన్న మా ఫ్లాటులో జనవరి నెలాఖరుకు చెక్కపని పూర్తయింది, ఫిబ్రవరిలో గృహప్రవేశం చేసుకున్నాము. పిల్లవాడి గదిలో గోడ పొడవునా వార్డ్‌రోబ్ చేయించాము. ఉదయం దాని తలుపు తీయగానే ఘాటైన వాసన ముక్కుకు తగులుతోంది. ఏడేళ్ల మా అబ్బాయి రోజూ కళ్లు నులుముకుంటూ లేస్తున్నాడు, బడికి వెళ్లిన గంటకు మంట తగ్గిపోతోందని చెబుతున్నాడు. అది పెయింటు వాసననీ, రెండు నెలల్లో అదే పోతుందనీ మావారి అభిప్రాయం. పోయిన ఆదివారం గాలిని శుద్ధి చేసే యంత్రాలు అమ్మే ఒక సంస్థ నుంచి ఉచిత పరీక్ష పేరిట ఒకరు వచ్చారు. సెల్‌ఫోనంత పరికరాన్ని వార్డ్‌రోబ్‌లో పెట్టి, ఎర్రగా వెలిగిన అంకెను చూపించి, 48,000 రూపాయల యంత్రం కొనమన్నారు. ఆ అంకెను నమ్మాలో వద్దో తెలియడం లేదు. అమ్మకంతో సంబంధం లేకుండా ఇంటి గాలిని పరీక్షించేవారు ఉంటారా, వారు ఏమేమి కొలుస్తారు, మనం ముందుగా ఏమి అడగాలి అన్న విషయాలు స్వయంగా చేయించుకున్నవారు చెబితే మేలు చేసినవారవుతారు.

ల్యాబ్_రవి
మాధవి గారూ, నేను పన్నెండేళ్లుగా పర్యావరణ పరీక్షల ల్యాబ్‌లో కెమిస్టుగా పనిచేస్తున్నాను. పని అడుక్కోవడానికి వచ్చినట్టు ఉండకూడదు కాబట్టి మా ల్యాబ్ పేరు ఇక్కడ చెప్పను.

ముందు ఆ పరికరం సంగతి. అలాంటి చవక పరికరాల్లోని సెన్సరుకు ఇది ఫలానా వాయువు అని గుర్తుపట్టే శక్తి ఉండదు. సెంటు, ఫినాయిల్, పోపు ఘాటు, ఏది తగిలినా అంకె పెరుగుతుంది. ఈసారి ఎవరైనా తెస్తే శానిటైజర్ రాసుకున్న మీ అరచేతిని దాని పక్కన పెట్టి చూడండి, ఫార్మాల్డిహైడ్ (చెక్క పలకల జిగురు నుంచి వచ్చే ఘాటైన వాయువు) అని రాసి ఉన్న గడిలో అంకె కూడా గంతులు వేస్తుంది. పైగా మూసిన వార్డ్‌రోబ్ లోపల కొలిచిన గాలి మీ అబ్బాయి పీల్చే గాలి కాదు. అతను పడుకునే మంచం దగ్గర, తల ఎత్తులో కొలవాలి.

అలాగని మీ అనుమానం తప్పనడం లేదు. మామూలు ఎంఆర్ రకం ప్లైవుడ్‌నూ, చెక్క పీచును అదిమి చేసే ఎండీఎఫ్ పలకనూ అతికించడానికి ఎక్కువగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు వాడతారు. నీటికి తట్టుకునే ఐఎస్ 710 ప్లైవుడ్‌లో ఫినాలిక్ జిగురు ఉంటుంది, దాని నుంచి ఫార్మాల్డిహైడ్ చాలా తక్కువగా వస్తుంది. వేడి, తేమ పెరిగిన కొద్దీ యూరియా జిగురు నుంచి విడుదల ఎక్కువవుతుంది. కళ్లమంట, ఇల్లు దాటగానే ఉపశమనం అనే మీ వర్ణన దానికి సరిపోతోంది.

అసలు పరీక్షలో చూపుడు వేలంత గొట్టం వాడతారు. అందులో డీఎన్‌పీహెచ్ అనే రసాయనం పూసిన సిలికా ఉంటుంది. పంపుతో, మా దగ్గరైతే నిమిషానికి ఒక లీటరు చొప్పున, గాలిని దాని గుండా లాగుతారు. గాలిలోని ఫార్మాల్డిహైడ్ ఆ రసాయనంతో కలిసి గొట్టంలోనే చిక్కుకుంటుంది. దాన్ని వెలుతురు తగలకుండా రేకులో చుట్టి, చల్లని పెట్టెలో ల్యాబ్‌కు తెచ్చి, హెచ్‌పీఎల్‌సీ యంత్రంతో కొలుస్తారు. అందుచేత ఈ పరీక్ష ఫలితం మీ హాల్లో కూర్చుని అక్కడికక్కడ చెప్పగలిగేది కాదు. పెయింటు, వార్నిషుల నుంచి వచ్చే ద్రావకాలకు వేరే గొట్టం, జీసీ-ఎంఎస్ అనే వేరే యంత్రం ఉంటాయి.

ఫలితాన్ని దేనితో పోల్చాలన్నది తరువాతి ప్రశ్న. ఇళ్ల లోపలి గాలికి మన దేశంలో చట్టపరమైన పరిమితి లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో ప్రకటించిన జాతీయ ప్రమాణాలు బయటి గాలికి సంబంధించినవి, వాటిలోని పన్నెండు కాలుష్యకాల జాబితాలో ఫార్మాల్డిహైడ్ లేనే లేదు. ఇక్కడే చాలామంది మోసపోతారు. గాలి పరీక్ష చేయమని ఫోను చేస్తే కొన్ని ల్యాబ్‌లు ఆ పన్నెండింటి ప్యాకేజీనే పంపిస్తాయి. మీకు అక్కర్లేనివన్నీ కొలిచి, కావలసిన ఒక్కటీ వదిలేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇళ్ల లోపలి గాలికి ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం ఫార్మాల్డిహైడ్ ముప్ఫై నిమిషాల సగటు ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము మించరాదు. మీ నివేదికను దానితో పోల్చండి.

ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్. ల్యాబ్‌కు దాని గుర్తింపు ఉందా అని అడిగితే సరిపోదు. ఆ గుర్తింపు ఏయే పరీక్షలకు, ఏ పద్ధతికి వర్తిస్తుందో తెలిపే స్కోప్ అనే పత్రం ఉంటుంది, ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. నీటి పరీక్షలకు గుర్తింపు పొందిన ల్యాబ్ అదే ముద్రను చూపి గాలి పరీక్షకు ఒప్పుకున్న సందర్భాలు నాకు తెలుసు.

బెంజ్‌సర్కిల్_ప్రసాద్
మాది విజయవాడ. మా సమస్య దుమ్ము కావడంతో పీఎం 2.5, అంటే గాలిలోని అతి సన్నని ధూళి కణాలను కొలిపించాము. మా అమ్మగారికి ఆస్తమా ఉంది, పెద్ద రోడ్డు పక్కన ఇల్లు కావడం వల్లనే దగ్గు పెరుగుతోందని మేమందరమూ తీర్మానించుకున్నాము. వచ్చినవారు హాల్లో ఒకటి, మేడ మీద ఒకటి చొప్పున యంత్రాలు పెట్టి ఇరవై నాలుగు గంటలు నడిపారు. తెల్లని బిళ్ల వంటి ఫిల్టరును ముందు తూచి, గాలి లాగిన తరువాత మళ్లీ తూచడమే ఆ పరీక్ష. దానితోపాటు నిమిషనిమిషానికీ అంకె నమోదు చేసే లేజరు పరికరాన్ని కూడా అమ్మగారి గదిలో ఉంచారు.

ఘనపు మీటరుకు మేడ మీద 52 మైక్రోగ్రాములు, హాల్లో 71 వచ్చాయి. బయటి గాలికి మన దేశంలో రోజు సగటు పరిమితి 60, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినది 15. రోడ్డు కన్నా ఇంట్లోనే ఎక్కువ ఎందుకుందో లేజరు పరికరం గీసిన గీత చూస్తే అర్థమైంది. ఉదయం 6:40కి సాంబ్రాణి వేసినప్పుడు గీత నిట్టనిలువుగా లేచి, గంటన్నర వరకు దిగలేదు. ఎనిమిదింటికి పోపుతో మరోసారి, రాత్రి దోమల చుట్ట వెలిగించినప్పటి నుంచి తెల్లవారుజాము దాకా మూడోసారి లేచింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఆ గీత పట్టేసింది. సాంబ్రాణి ఇప్పుడు బాల్కనీలో వేస్తున్నాము, దోమల చుట్ట మాని తెర కట్టాము, వంటగది చిమ్నీ గొట్టాన్ని బయటికి పెట్టించాము. అంతకు ముందు ఆ చిమ్నీ పొగను వడకట్టి మళ్లీ వంటగదిలోకే వదిలేది, ఆ సంగతి నాలుగేళ్లుగా మాకు తెలియదు.

హరి_మియాపూర్
నాది భిన్నాభిప్రాయం, ఎవరూ ఏమీ అనుకోవద్దు. కొత్త చెక్క నుంచి వాసన వస్తోందని ముక్కే చెబుతున్నప్పుడు దాన్ని అంకెలో చూసుకోవడానికి వేలు ఖర్చు చేయడం దేనికి? మా ఇంట్లో వార్డ్‌రోబ్ వెనుక పలకకూ, అరల అడుగు భాగాలకూ లామినేట్ వేయలేదు, పచ్చి ఎండీఎఫ్ అలాగే వదిలేశారు. వడ్రంగిని పిలిపించి అన్ని అంచులకూ పట్టీ అతికించి, పచ్చి ముఖాలన్నింటికీ సీలరు పూయించాము. నెలలో వాసన సగానికి సగం తగ్గింది. నాలుగు స్నేక్ ప్లాంటు కుండీలు కూడా పెట్టాము.

ల్యాబ్_రవి
హరి గారూ, మీరు చేయించిన పని సరైనదే, నేనూ అదే చేయించమంటాను. అయితే ముక్కును నమ్ముకోవడంలో ఒక చిక్కు ఉంది. ఫార్మాల్డిహైడ్ వాసనకు ముక్కు అలవాటు పడిపోతుంది. ఆ ఇంట్లోనే ఉండేవారికి తగ్గినట్టు అనిపిస్తుంది గానీ, బయటి నుంచి వచ్చిన చుట్టం గుమ్మంలోనే పసిగడతాడు. మొక్కల మాటకొస్తే, అవి గాలిని శుభ్రం చేస్తాయన్న పేరు 1989లో నాసా చేసిన ప్రయోగం వల్ల వచ్చింది, కానీ అది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో జరిగింది. ఒక గదికి అదే ఫలితం రావాలంటే మనిషికి చోటు లేనన్ని కుండీలు కావాలి. శుద్ధి యంత్రాల్లోని హెపా ఫిల్టరు దుమ్మును పడుతుంది గానీ వాయువును పట్టదు, బొగ్గు ఫిల్టరు కొంత పట్టినా త్వరగా నిండిపోతుంది.

ఫ్రిస్కో_వెంకట్
మేము టెక్సాస్‌లో ఉంటాము. ఏసీ డక్టు నుంచి నీరు కారి అటకపై గోడకు బూజు పట్టింది. మేము మొదట పిలిచిన మనిషి పరీక్ష, శుభ్రం రెండూ తానే చేస్తానని చెప్పి పెద్ద మొత్తం అడిగాడు. తరువాత విచారిస్తే, ఈ రాష్ట్రంలో బూజును అంచనా వేసేవారికీ తొలగించేవారికీ వేర్వేరు లైసెన్సులు ఉంటాయనీ, ఒకే పనిలో రెండు పాత్రలూ ఒకరే పోషించడం చట్టం ఒప్పదనీ తెలిసింది. వేరే వ్యక్తిని పిలిపించాము. ఆయన ఇంట్లో రెండు చోట్ల, ఇంటి బయట ఒక చోట జిగురు పలకపై గాలిని లాగి నమూనాలు తీశారు. బూజు బీజాలకు ఇక్కడ కేంద్ర ప్రభుత్వ పరిమితి ఏదీ లేదు కనుక బయటి నమూనాతో పోల్చి చూడడమే పద్ధతి. ఆయన నిజాయతీగా ఇంకో మాట కూడా చెప్పారు: బూజు కంటికి కనిపిస్తూ ఉంటే సాధారణంగా గాలి పరీక్ష అవసరమే లేదని, నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపడం ముఖ్యమని. ఆ మాట ఆయన పరీక్షకు ముందే చెప్పి ఉంటే మాకు డబ్బు మిగిలేది, అది వేరే సంగతి.

మాధవి_నార్సింగి
అందరికీ ధన్యవాదాలు. మరొక సందేహం. మా తమ్ముడు న్యూజెర్సీలో ఇల్లు కొన్నప్పుడు రేడాన్ పరీక్ష చేయించాడట, నన్నూ చేయించమంటున్నాడు. మాకు అవసరమా?

ఎడిసన్_లక్ష్మి
మేమూ న్యూజెర్సీలోనే, ఇల్లు కొనేముందు చేయించాము. రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు నేలలోని యురేనియం నుంచి పుట్టి, పునాది పగుళ్ల గుండా బేస్‌మెంటులోకి చేరుతుంది. వాసన, రంగు ఉండవు. పరీక్షకు పన్నెండు గంటల ముందు నుంచి కిటికీలన్నీ మూసి, కనీసం నలభై ఎనిమిది గంటలు కొలిచారు. ఇక్కడ లీటరుకు 4 పికోక్యూరీలు దాటితే సరిచేయించమంటారు, మాకు 6.8 వచ్చింది. నేల పలక కింద గొట్టం దించి, ఫ్యానుతో ఆ గాలిని పైకప్పు మీదుగా బయటికి లాగే ఏర్పాటు చేయించాక 1.1కు దిగింది. మట్టికి అంత ఎత్తున, తొమ్మిదో అంతస్తులో ఉన్న మీకు ఇది మొదటి అనుమానం కానక్కర్లేదమ్మా. ముందు బాబు కళ్ల సంగతి చూసుకోండి.

కూకట్‌పల్లి_అన్నపూర్ణ
చర్చలో ఎవరూ చెప్పలేదు కనుక ఒక్క మాట. స్నానాల గదిలో గ్యాస్ గీజరు ఉన్నవారు పరీక్షల దాకా వెళ్లవద్దు, వెంటనే దాన్ని బయటికి మార్పించండి. మూసిన గదిలో అది విడిచే కార్బన్ మోనాక్సైడ్ నిమిషాల్లో మనిషిని పడగొడుతుంది. మా పక్క వాటాలో ఒక అమ్మాయి స్పృహ తప్పి పడిపోతే తలుపు పగలగొట్టి బయటికి తెచ్చాము.

మాధవి_నార్సింగి
మూడు వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను. రవి గారు చెప్పినట్టు స్కోప్ పత్రం అడిగితే నాలుగు ల్యాబ్‌లలో రెండు మళ్లీ ఫోనే చేయలేదు. ఒకరు పన్నెండింటి ప్యాకేజీ మాత్రమే చేస్తామన్నారు. నాలుగో వారు ఫార్మాల్డిహైడ్ ఒక్కటే చాలా అని అడిగి, మూడు చోట్లకు కలిపి 18,000 రూపాయలు తీసుకున్నారు. ముందు రోజు రాత్రి నుంచి గదిని మూసి ఉంచమనీ, అగరుబత్తి, ఫినాయిల్ వాడవద్దనీ, ఏసీ మాత్రం రోజూ వేసుకున్నట్టే వేసుకోమనీ చెప్పారు. ఉదయం ఆరింటికి వచ్చిన కుర్రవాడు మా అబ్బాయి దిండు పక్కన స్టాండు నిలబెట్టి, పంపు వేగాన్ని సరిచూసి కాగితంపై రాసుకున్నాడు. గాలి లాగని ఒక ఖాళీ గొట్టాన్ని కూడా తెరిచి మూసి వెంట తీసుకెళ్లాడు. అదెందుకని అడిగితే, దారిలో ఏదైనా కలుషితమైతే ఆ గొట్టంలో తెలిసిపోతుందని చెప్పాడు.

పిల్లవాడి గదిలో 0.19, హాల్లో 0.07, బాల్కనీలో 0.01 మిల్లీగ్రాములు వచ్చాయి. గది ఉష్ణోగ్రత 27 డిగ్రీలని నివేదికలో రాశారు. మావారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, ఇంకేమీ మాట్లాడకుండా ఆ రాత్రే మంచాన్ని హాల్లోకి లాగారు. వార్డ్‌రోబ్‌ను గోడ నుంచి జరిపించి చూస్తే హరి గారు చెప్పినట్టే వెనుక పలక అంతా పచ్చి ఎండీఎఫ్, హ్యాండిళ్ల కోసం కోసిన రంధ్రాల అంచులు కూడా అలాగే ఉన్నాయి. పని చేయించినాయన మొదట అందరిళ్లలోనూ ఇంతేనమ్మా అన్నాడు గానీ, నివేదిక చూపించాక సీలరు ఖర్చు తానే పెట్టుకున్నాడు. కిటికీకి ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించి పగలంతా నడుపుతున్నాము. బాబు కళ్లు నులుముకోవడం మానేశాడు, అయితే అది సీలరు వల్లనో, హాల్లో పడుకోవడం వల్లనో చెప్పలేను. వేడికి విడుదల పెరుగుతుందన్నారు కదా, మే నెల నడి ఎండల్లో అదే గదిలో, అదే చోట మరొక్క గొట్టం పెట్టించి, ఆ అంకె 0.1 లోపు వస్తేనే మంచాన్ని వెనక్కి పంపుతాము.