సినిమా చూసి కట్టిన పాట మన పాటేనా?

వనపర్తి నుంచి:
మా తమ్ముడు, వాడి దోస్తులు కలిసి ఒక ప్రైవేట్ పాట చేశారు. ఈ మధ్య బాగా ఆడిన ఒక సినిమాలో కూలికి ఊరు విడిచిపోయే తండ్రి ఉంటాడు. అది చూసి వచ్చిన రాత్రే, పాలమూరు లేబర్‌గా (మహబూబ్‌నగర్ వలస కూలీగా) ముంబై పోయిన మా తాత మీద పల్లవి కట్టారు. ట్యూన్ వాళ్లదే. కానీ మధ్యలో ఆ సినిమా బీజీఎం (నేపథ్య సంగీతం) ఎనిమిది సెకన్లు, ఒక డైలాగు పెట్టారు. టైటిల్‌లో సినిమా పేరు కూడా పెడతామంటున్నారు. దీన్ని సొంత పాట అనవచ్చా?

సూర్యాపేట నుంచి:
అనకూడదు. సినిమా పేరు లేకపోతే ఆ పాటను ఎవరు వింటారు? హీరో మొహం చూపించి వ్యూస్ తెచ్చుకోవడం నాకు నచ్చదు.

దేవరకొండ నుంచి:
మరి సినిమావాళ్లు మన దగ్గర తీసుకోలేదా అన్నా? 'మా భూమి'లో గద్దర్ పాడిన 'బండెనక బండి గట్టి' తెలంగాణ సాయుధ పోరాటంలో బండి యాదగిరి కట్టిన పాట. అదే సినిమాలోని 'పల్లెటూరి పిల్లగాడా' మన సుద్దాల హనుమంతుది. 'భీమ్లా నాయక్' పాట మొదలయ్యేదే కిన్నెర మొగులయ్య గొంతుతో. మనం ఎనిమిది సెకన్లు వాడితే తప్పైందా?

నాగర్‌కర్నూల్ నుంచి:
తమ్ముడూ, మొగులయ్య మా జిల్లా మనిషి. ఆ పాట ఆయనే పాడాడు, పాడినవాళ్లలో ఆయన పేరూ ఉంది. 2022లో పద్మశ్రీ వచ్చేసరికి ఆయన వాయించే 12 మెట్ల కిన్నెర అనే తీగల వాయిద్యం అంటే ఏమిటో రాష్ట్రమంతా అడిగి తెలుసుకుంది. 'బండెనక బండి' సంగతి వేరు. దాన్ని గద్దరే రాశాడనుకునేవాళ్లు ఇప్పటికీ ఎంతోమంది. యాదగిరి పేరు వాళ్లకు తెలియదని మనకు కడుపు మండుతుంది కదా, అలాంటప్పుడు ఇంకొకరి సంగీతాన్ని పేరు చెప్పకుండా ఎలా పెట్టుకుంటాం?

వనపర్తి అక్కా, సినిమా చూసి తాత గుర్తుకు రావడం దొంగతనం కాదు. 1957 కాపీరైట్ చట్టం కూడా ఆలోచనకు తాళం వేయదు. కట్టిన ట్యూన్‌కు, రాసిన మాటకు, రికార్డు చేసిన శబ్దానికే హక్కు ఉంటుంది. అందుకే పల్లవి మీదే, బీజీఎం మీది కాదు. పది సెకన్ల లోపు వాడుకోవచ్చని స్టూడియోల్లో చెప్పే మాట నమ్మకండి, చట్టంలో అలాంటి లెక్క లేదు. పేరు వేసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టూ కాదు. ఆ ఎనిమిది సెకన్లు తీసేయండి. వలస బస్సు హారన్ పెట్టినా మన ఊళ్లలో అందరికీ అర్థమవుతుంది. ఆ డైలాగుకు బదులు మీ ఇంట్లో పెద్దవాళ్ల మాట పెట్టండి.

వనపర్తి నుంచి:
బీజీఎం, డైలాగు రెండూ తీసేశాం. నిన్న నాయనమ్మను మైకు ముందు కూర్చోబెడితే, "సద్ది మూట ఇచ్చిన, ఎనక్కి చూడకుండ బస్సెక్కిండు" అన్నది. తమ్ముడు దాన్ని అట్లాగే ఉంచాడు. అయితే సినిమా పేరు టైటిల్‌లో ఉండాలని వాడు ఇంకా పట్టుబడుతున్నాడు. సూర్యాపేట అన్న అన్నది వాడికి చదివి వినిపించాను, ఒప్పుకోలేదు.