చిప్సులు, షూసులు: కొట్టేయాల్నా, వదిలేయాల్నా?

పొద్దున గ్రూపుల ఒక టీచర్ మేడం అడిగిన్రు: "షూస్ అంటెనే బహువచనం గదా. పిల్లలు దానికి మళ్ల 'లు' తగిలించి షూసులు, చిప్సులు అని రాస్తున్నరు. మార్కులు కొయ్యాల్నా?"

తెలుగు పేపర్ల కొయ్యకండి మేడం, ఇంగ్లిష్ పేపర్ల కొయ్యండి. నా తీర్పు ఇదే.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ల మిర్చి అమ్మినంక ఇచ్చే తక్‌పట్టీ, అంటే లెక్క చీటీ, చూడండి. క్వింటాల్స్ అని ఏ రైతూ అనడు, క్వింటాళ్లే. కాలు–కాళ్లు ఎట్లనో క్వింటాలు–క్వింటాళ్లు అట్ల. స్కూళ్లు, హోటళ్లు, సైకిళ్లు, ఫైళ్లు అదే తొవ్వల నడిచినయి. గుడ్డు–గుడ్లు లెక్కనే రోడ్డు–రోడ్లు, చెట్టు–చెట్లు లెక్కనే టికెట్టు–టికెట్లు. మరి బస్సు? 'బస్లు' అనం, బస్సులు అంటం. ట, డ, ల, ర తర్వాత ఉకారం జారిపోతది, స, ప, క దగ్గర నిలబడుతది. హన్మకొండ బస్టాండ్ల ఏ కండక్టర్‌కూ ఇది ఎవరూ నేర్పలే.

ఇంగ్లిష్ వాళ్లకూ ఇసొంటి లెక్కలున్నయి. క్యాట్స్‌ల వినపడేది 'స్', డాగ్స్‌ల రాసేది ఎస్సే అయినా పలికేది జడ్. బస్ దగ్గరికొస్తే ఎస్ పక్కన ఎస్ పలకలేక నడుమ ఒక అచ్చు ఇరికిస్తరు.

ఇగ షూసులు. షూ మనింటికి ఎప్పుడూ జోడీగనే వచ్చింది, మన చెవిన పడ్డది షూస్. అదే ఏకవచనం అనుకున్నం. అందుకే "ఒక షూసు కనవడ్తలేదు" అంటం. రెండైతే షూసులు. ఇండ్ల తప్పేముంది?

ఇంగ్లిష్ చేసిన పని ఇంకా విచిత్రం. నార్మన్ ఫ్రెంచ్ నుంచి చెరీజ్ అనే పండు పేరు పోతే, చివరిది బహువచనం ఎస్ అనుకొని కోసేసిన్రు, చెర్రీ మిగిలింది. బఠాణీని పీజ్ అనేటోళ్లు, అదీ ఏకవచనమే. దాన్నీ కోసి పీ చేసిన్రు. చిల్డ్రన్ అయితే అచ్చం మన షూసులే: పాత ఇంగ్లిష్‌ల చిల్డ్రు అంటెనే పిల్లలు, అది చాలదన్నట్టు చివర 'ఎన్' తగిలించిన్రు.

కింద ఒక అన్న అడిగిండు: "మరి అజెండాలు, బాక్టీరియాలు?"

రెండూ లాటిన్ బహువచనాలే అన్నా. అజెండా ఇంగ్లిష్‌లనే ఏకవచనమైపోయింది, అజెండాస్ అని వాళ్లే రాస్తరు. బాక్టీరియా మాత్రం ఇంకా బహువచనమే, ఒక్కటైతే బాక్టీరియం. సైన్సు పిల్లలు ఇంగ్లిష్‌ల రాసేటప్పుడు చూసుకోవాలె. తెలుగుల బాక్టీరియాలు అంటె నాకేం అభ్యంతరం లేదు.

ఇంకో మాట. మన పందికొక్కును ఇంగ్లిష్ వాళ్లు తీస్కపోయి బ్యాండికూట్ చేసుకున్నరు. రెండుంటే బ్యాండికూట్స్ అంటరు గని పందికొక్కులు అనరు. వాళ్లింటికి పోయిన మాటకు వాళ్ల ఎస్, మనింటికొచ్చిన మాటకు మన లు.

మేడం జవాబు: "సరే సార్, షూసులు వదిలేస్త. 'ఒక లేడీస్ దిగాలె, ఆపండి' అన్నదాన్ని ఏం చెయ్యాలె?"

ముందుగాల బస్సు ఆపాలె మేడం.