ఎయిర్ ఫ్రైయర్‌లో దొండకాయ కరకరలాడాలంటే ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అత్తయ్యగారికి డాక్టర్ నూనె బాగా తగ్గించమన్నారు. ఆవిడకేమో పప్పన్నంలోకి వేపుడు లేకపోతే ముద్ద దిగదు. అందుకే ఎయిర్ ఫ్రైయర్ కొన్నాం.

బెండకాయ చక్కగా వస్తోంది. కడిగి, గుడ్డతో తుడిచి, తడి పూర్తిగా ఆరాక తరిగి, చెంచాడు నూనె పట్టించి 180 డిగ్రీల్లో పెడుతున్నాను. మధ్యలో బుట్ట తీసి ఓసారి కుదిపితే జిగురు లేకుండా కరకరలాడుతోంది. టెన్షన్ అంతా దొండకాయతోనే. చక్రాల్లా తరిగితే అంచులు మాడిపోతున్నాయి, మధ్యలో మెత్తగా సాగుతోంది. నిలువుగా కోస్తే లోపల పచ్చిగానే ఉంటోంది. వేడిగాలి ముక్క చుట్టూ తిరిగి తడిని లాగేస్తేనే కరకరలాడుతుంది కాబట్టి, ఒకే వరసలో ఎడంగా పరుస్తున్నాను. అయినా అంతే.

ముందు ఆవిరి మీద కాస్త ఉడికించి, ఆరబెట్టి పెట్టాలా? లేక 160లో మగ్గనిచ్చి, చివర్లో 200కి పెంచాలా? ఉప్పు ముందే కలిపితే నీరు ఊరుతోంది, దించాక చల్లితే ముక్కకి పట్టడం లేదు. మీరు ఎప్పుడు వేస్తారు? బియ్యప్పిండి చల్లితే పావుకిలోకి ఎంత సరిపోతుంది?

ఇంకొకటి. వెల్లుల్లి కారం ముందే కలిపితే వెల్లుల్లి మాడి చేదొస్తోంది. అత్తయ్యగారికి ఆ కారం ప్రాణం, అది మానేయమని మాత్రం చెప్పకండి. ఇంట్లో చేసి చూసినవాళ్లు కొలతలతో సహా రాస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.