ఐరన్ మాత్ర రోజు విడిచి రోజా? ఇలాంటి కొత్త పరిశోధనను కింది స్టాఫ్‌కి ఎలా చెప్తున్నారు?

పీహెచ్‌సీ_న్యూట్రిషన్:
మా మండలం వాట్సాప్ గ్రూపులో ఒక స్లైడ్ తిరుగుతోంది. ఐరన్ మాత్ర రోజూ వేసుకుంటే ఒంటికి పట్టదట, రోజు విడిచి రోజు వేసుకోవాలట, లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిందట. ఏ పేపరో, ఏ సంవత్సరమో లేదు. ఆశా కార్యకర్తలు అది చదివి ఇళ్లలో చెప్పేశారు, ఇప్పుడు గర్భిణులు కూడా అదే అడుగుతున్నారు. అసలే వికారం, మలబద్ధకం అని మాత్ర మానేద్దామని చూసేవాళ్లు, ఇక వాళ్లకి నేనేం చెప్పాలి? స్లైడ్ తప్పా? మీ దగ్గర కొత్త పరిశోధన వస్తే ఎవరు చదువుతున్నారు, ఎలా అందిస్తున్నారు?

తార్నాక_రీసెర్చర్:
పూర్తిగా తప్పు కాదండి, కానీ ముఖ్యమైనవి వదిలేసింది. అది 2017లో లాన్సెట్ హెమటాలజీలో స్విట్జర్లాండ్ బృందం వేసిన పేపర్. ఐరన్ డోసు పడ్డాక కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ ఎక్కువగా వదులుతుంది, అది దాదాపు ఒక రోజు పాటు పేగు నుంచి ఐరన్ లోపలికి వెళ్లకుండా అడ్డుపడుతుంది, అందుకే మర్నాడు వేసిన డోసు ఒంటికి తక్కువ పడుతుంది. 60 మి.గ్రా. డోసుతో, మాత్రల్లోని ఐరన్‌లో రోజూ వేసుకున్నవాళ్లకి సుమారు 16 శాతం, రోజు విడిచి వేసుకున్నవాళ్లకి 22 శాతం ఒంటికి పట్టింది.

ఇక స్లైడ్‌లో లేనివి. ఆ పోలికలో ఉన్నది 40 మంది, అందరూ ఐరన్ నిల్వలు తక్కువగా ఉన్న యువతులు, గర్భిణులు ఒక్కరూ లేరు. రెండు గుంపులకీ ఇచ్చినవి 14 డోసులే, కాకపోతే ఒకరికి 14 రోజుల్లో, ఇంకొకరికి 28 రోజుల్లో. అంటే రోజు విడిచి వేసుకున్నవాళ్లకి మొత్తం మీద ఎక్కువ ఐరన్ పట్టింది నిజమే, కానీ రెట్టింపు కాలం తీసుకుంది. నెలలు నిండుతున్న మనిషికి ఆ కాలం ఎక్కడుంది? 2020లో అదే బృందం రక్తహీనత ఉన్న మహిళల మీద కూడా చూసింది, వాళ్లు 19 మందే.

మెడికల్_ఆఫీసర్_కోస్తా:
పై రిప్లై చాలా ఉపయోగం సార్. ప్రోటోకాల్ వైపు నుంచి నేను చెప్తాను. రక్తహీనత తగ్గించే కేంద్ర కార్యక్రమం అనీమియా ముక్త్ భారత్‌లో గర్భిణికి నాలుగో నెల నుంచి రోజూ 60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, కనీసం 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు. డబ్ల్యూహెచ్‌ఓ వారానికోసారి డోసుకి కూడా ఒప్పుకుంది, కానీ రోజువారీ మాత్ర పడనివాళ్లకి, అదీ గర్భిణుల్లో రక్తహీనత 20 శాతం లోపు ఉన్న చోటే. మన దేశంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) ప్రకారం అది 52 శాతం! కాబట్టి గర్భిణులకి రోజూ మాత్రే, ఏఎన్‌ఎమ్‌లకి (ఊళ్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలకి) ఈ మాట ఇవాళే చెప్పండి. గర్భిణి కాని మనిషి మాత్ర అస్సలు పడక బాధపడుతుంటే రోజు విడిచి ఇవ్వడం గురించి డాక్టర్ ఆలోచించవచ్చు, ఆశా స్థాయిలో ఆ నిర్ణయం వద్దు.

వికారం ఉంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకోమనండి, టీతో వద్దు, కాల్షియం మాత్రకీ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. మలం నల్లగా వస్తుందని ముందే చెప్పకపోతే భయపడి మానేస్తారు.

డైటీషియన్_వరంగల్:
ఎలా అందించాలని అడిగారు కదా మేడమ్, మా దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ పేపర్ పంపినా కింద తెలుగులో నాలుగు సంగతులు రాయాలి: ఎవరి మీద చేశారు, ఎంతమంది, ఎంత డోసు ఎన్నాళ్లు, మన ప్రోటోకాల్ మారిందా లేదా. ఈ నాలుగూ లేకుండా స్లైడ్ వస్తే అడ్మిన్ తీసేస్తారు. పేపర్ మొత్తం దొరక్కపోయినా సారాంశం పబ్‌మెడ్ అనే వైద్య పరిశోధనల వెబ్‌సైట్‌లో ఉచితమే. మనవాళ్ల లెక్కలు కూడా పాతవే నడుస్తున్నాయి, జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2020లోనే మహిళలకి రోజుకి ఐరన్ 29 మి.గ్రా. అని మార్చినా ఇంకా 2010 నాటి 21 పట్టుకుని డైట్ చార్టులు వేస్తున్నారు, చూస్తే బాధేస్తుంది.

తార్నాక_రీసెర్చర్:
ఇంకో మాట. పరిశోధన చేసే మాకు ఫీల్డ్ నుంచి కబురు రావడం లేదండి. ఏ నెలలో మాత్ర మానేస్తున్నారు, ఎందుకు మానేస్తున్నారు అనేది ఏఎన్‌ఎమ్‌కి తెలిసినంత మాకు తెలియదు. పేర్లు లేకుండా, కారణం వారీగా రాసిపెట్టండి, తర్వాతి అధ్యయనంలో ఏం అడగాలో దాన్నిబట్టే తేలుతుంది.

పీహెచ్‌సీ_న్యూట్రిషన్:
అందరికీ ధన్యవాదాలు. గురువారం ఆశా మీటింగ్ ఉంది, డాక్టర్ గారి పాయింట్లు, ఆ నాలుగు సంగతులు చార్ట్ మీద రాసి తీసుకెళ్తున్నా. మానేసిన కారణాలు రాయడానికి రిజిస్టర్‌లో ఒక కాలమ్ కూడా గీయిస్తా.