చాటు, చాటింపు, మంతనం

నిన్న మన గుంపులో ఒక అక్క "సుంకాల మీద మంత్రుల చాటుమాటు మంతనాలు" అనే వాక్యం పెట్టి, చాటుమాటు అన్నా మంతనం అన్నా రహస్యమే కదా, ఒకే అర్థానికి రెండు మాటలెందుకు అని అడిగింది. కింద నలుగురైదుగురు అవును, పునరుక్తే అని తేల్చేశారు. నాకు మాత్రం అట్లా అనిపించలేదు. రాత్రంతా అదే బుర్రలో తిరుగుతుంటే పొద్దున్నే కూర్చుని రాస్తున్నా, కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మంతనం సంస్కృతంలోని మంత్రణం నుంచి వచ్చింది. మన్ అంటే ఆలోచించడం. మంత్రం, మంత్రి, మంత్రాంగం అన్నీ ఆ కుటుంబమే. కాబట్టి మంతనానికి పునాది ఆలోచన. నలుగురి మధ్యలో కూర్చుని తేల్చలేని సంగతి కాబట్టి ఏకాంతం వచ్చి దానికి అంటుకుంది. చాటుమాటులో ఆలోచన ఊసే లేదు, ఒకరి కంట పడకూడదు, అంతే. చాటుమాటుగా బీడీ కాల్చొచ్చు, పక్కింటి మామిడికాయలు కోసుకోవచ్చు. మంతనం చెయ్యాలంటే మాత్రం ఇద్దరన్నా కూర్చోవాలి, ముందు ఒక పని ఉండాలి. అందుకే ఆ వాక్యంలో చాటుమాటు ఊరికే వచ్చి పడిన మాట కాదు, అది మంత్రుల మీద రాసినవాళ్ళు వేసిన నింద. ఆ నింద న్యాయమా కాదా అనేది వేరే సంగతి, దాని దగ్గరికి వస్తా.

చాటు అనే మాటలోనే ఇంకో చిక్కు ఉంది. గోడ చాటు, గుడ్డ చాటు అన్నప్పుడు అది మరుగు. చాటి చెప్పడం, చాటింపు వెయ్యడం అన్నప్పుడు అదే చాటు నలుగురికీ ఎరుక చెయ్యడం. పలకడానికి ఒకటే, అర్థాలు ఎదురెదురు. ఈ రెండో చాటుకు తోబుట్టువు తమిళంలో ఉంది. తడ దాటి తమిళనాడులోకి పోతే 'పరై సాట్రు' అంటారు, డప్పు కొట్టి ఎరుక చెయ్యడం. తమిళంలో చుట్రు మనకు చుట్టు అయినట్టు, పట్రు పట్టు అయినట్టు, సాట్రు మనకు చాటు అయింది. చాటుపద్యంలో ఉండేది ఈ రెండూ కాదు, అది సంస్కృతం, ప్రియమైన మాట అని అర్థం. దాన్ని ఇందులో కలపొద్దు.

గుడ్డ చాటు అన్నాను కదా, అది నేను కళ్ళారా చూసింది. చిన్నప్పుడు మా తాత వెంట ఎద్దుల సంతకు పొయ్యేవాణ్ణి. మాది ఒంగోలు జాతి ఎద్దుల ప్రాంతం, బేరం అంటే ఆషామాషీ కాదు. దళారి వచ్చి మా తాత చెయ్యి పట్టుకుని దాని మీద తువ్వాలు కప్పేవాడు. నోటితో ఒక్క అంకె బయటికి రాదు. లోపల ఒకరి వేళ్ళు ఒకరు నొక్కుతుంటారు, పైన తువ్వాలు కదులుతుంటుంది, మా తాత ముఖం మాత్రం వాన రాని ఆకాశం మాదిరి ఉంటుంది. ఒకసారి నేను తువ్వాలు ఎత్తి చూడబోతే చేతి మీద ఒకటి తగిలించి, "ఊరకుండు, బేరం జరుగుతా ఉండాది" అన్నాడు. పక్కన ఇంకో పదిమంది ఎద్దులు పట్టుకుని నిలబడి ఉన్నారు, మా అంకె వాళ్ళ చెవిన పడితే వాళ్ళ బేరమూ చెడుతుంది, మాదీ చెడుతుంది. అయితే బయానా చేతులు మారిన మరుక్షణం తువ్వాలు భుజం మీదికి పొయ్యేది, ఎవరు అడిగినా ఎంతకు తెగిందో చెప్పేవాడు. ఇంటికి రాగానే జేజి అడిగే మొదటి మాట "ఎంతకి?" అనే. ఆమెకు అంకె ఒక్కటి చెప్తే సరిపొయ్యేది కాదు, ఎందుకంతకు ఒప్పుకున్నావో కూడా చెప్పాల్సిందే.

దేశం నడిపేవాళ్ళ మంతనాలకు కూడా ఇంతకన్నా వేరే కొలత ఉండాలని నేననుకోను.

మంతనం సాగేటప్పుడు గుట్టు ఉండాలని పాతవాళ్ళకు బాగా తెలుసు. అర్థశాస్త్రంలో కౌటిల్యుడు మంత్రాలోచన చేసే చోటు పక్షులకు కూడా కనపడకూడదంటాడు, చిలకలూ గోరువంకలూ మంత్రాన్ని బయటపెట్టిన సందర్భాలు విన్నామంటాడు. ఒక్కడితో ఆలోచిస్తే తేలదు, ఇద్దరైతే కలిసిపోయి ముంచుతారు లేదా కొట్లాడి చెడగొడతారు, ముగ్గురో నలుగురో ఉండాలంటాడు. రామాయణంలో రాముడు భరతుణ్ణి అడిగే కుశలప్రశ్నల్లో కూడా ఇదే ఉంది: "కచ్చిన్మంత్రయసే నైకః కచ్చిన్న బహుభిః సహ". ఒక్కడివే ఆలోచించడం లేదు కదా, మరీ ఎక్కువమందితోనూ కాదు కదా అని. వెంటనే, నువ్వు చేసిన మంత్రం రాజ్యమంతా పరుగెత్తడం లేదు కదా అని కూడా అడుగుతాడు. లీకు అనే మాటకు మనం ఇంకా తెలుగు వెతుక్కుంటున్నాం, అక్కడేమో మంత్రం కాళ్ళొచ్చి పరుగెత్తుతోంది!

మంత్రాంగం అనే మాట కూడా అర్థశాస్త్రం నాటిదే. మంత్రానికి అయిదు అంగాలు: పని మొదలుపెట్టే ఉపాయం, మనుషులూ డబ్బూ, చోటూ సమయమూ చూసుకోవడం, బెడిసికొడితే సర్దుకునే దారి, పని నెరవేరడం. బాగానే ఉంది కానీ ఈ అయిదింటిలో జనానికి చెప్పడం లేదు. ఆ లోటు నన్ను ఎప్పుడూ గుచ్చుతుంది.

1991 తీసుకోండి. విదేశీ మారకం అడుగంటింది, జులై 1న ఒకసారి, 3న ఇంకోసారి రూపాయి విలువ తగ్గించారు. పీవీ ప్రధాని, మన్మోహన్ సింగ్ ఆర్థికమంత్రి, రిజర్వు బ్యాంకులో డిప్యూటీ గవర్నరుగా రంగరాజన్. ఆ మంతనం ముందే బయటికి పొక్కి ఉంటే ఏమయ్యేది? ఒంగోలు నుంచి పొగాకు ఎగుమతి చేసేవాళ్ళ సంగతే చూడండి. వారం ఆగితే అదే డాలరుకు ఎక్కువ రూపాయలు వస్తాయని తెలిస్తే, అక్కడి బాకీ డాలర్లు ఎవరైనా ఇక్కడికి తెచ్చుకుంటారా? దిగుమతి చేసేవాళ్ళేమో ఇవ్వాళే కొనెయ్యాలని ఎగబడతారు. ఉన్న నాలుగు డాలర్లూ అయిపోతాయి. కాబట్టి ఆ గుడ్డ చాటు అవసరమే, నేను పూర్తిగా ఒప్పుకుంటా. అదే నెలలో 47 టన్నుల దాకా బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండుకు తాకట్టుకు పోయింది. అది జనానికి పత్రికల ద్వారా తెలిసింది. తాకట్టు తప్పని పరిస్థితే, కాదనను. కానీ ఇంట్లో పుస్తెలతాడు కుదవ పెట్టిన సంగతి ఎదురింటివాళ్ళ నోట విన్నట్టయింది ఆ రోజుల్లో మా ఇళ్ళలో. మా నాన్న ఆ మాట ఇప్పటికీ బాధగానే చెప్తాడు. జులై 24న బడ్జెట్ ప్రసంగంలో పరిస్థితి అంతా విడమరిచి చెప్పారు, ఆ చెప్పడం బంగారం కన్నా ముందు వచ్చి ఉంటే ఆ బాధ సగానికి సగం ఉండేది కాదు.

ఇక మన మోటుపల్లి, కాకతీయుల నాటి ఓడరేవు. ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయింది కానీ మొన్నటిదాకా ప్రకాశం జిల్లాదే. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అక్కడ వేయించిన అభయ శాసనం నా ఉద్దేశంలో చాటింపు అంటే ఎట్లా ఉండాలో చూపించే రాయి. అందులో సంస్కృతమూ ఉంది, తెలుగూ ఉంది. ఏముందంటే, వెనకటి రాజులు తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకు, బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవాళ్ళు. మేము మాత్రం దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రం మీదికి తెగించి వచ్చేవాళ్ళకు, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నాం. ఆ సుంకం ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయ్యింట ఒకటి.

గమనించండి. వెనకటి పద్ధతి ఏందో చెప్పాడు, అది తప్పని ఒప్పుకున్నాడు, ఎందుకు మారుస్తున్నాడో చెప్పాడు, అంకె చెప్పాడు. చెప్పింది కూడా కోటలో కాదు, ఓడలు ఆగే రేవులో. ఆ సుంకం పదో వంతు ఉండాలా, ముప్పయ్యో వంతు ఉండాలా అని ఓరుగల్లులో ఎన్ని మంతనాలు జరిగాయో రాయి మీద లేదు, ఉండాల్సిన పనీ లేదు. తర్వాత 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా అదే రేవులో వర్తకులకు హామీ ఇస్తూ శాసనం వేయించాడు.

(ఇక్కడిదాకా రాసి పెట్టాక వచ్చిన రెండు మాటలకు జవాబు ఇక్కడే కలుపుతున్నా.)

కావలి ఊరి నుంచి ఒక అన్న అడిగారు, మంత్రివర్గంలో ఎవరేమన్నారో తెలుసుకునే హక్కు మనకు లేదా అని. అన్నా, మంత్రులు పదవీ ప్రమాణంతో పాటు రహస్యం కాపాడతామనే ప్రమాణం కూడా చేస్తారు, రాజ్యాంగంలోనే ఉంది. 2005 నాటి సమాచార హక్కు చట్టంలో ఎనిమిదో సెక్షన్ చూడండి. మంత్రివర్గ పత్రాలకు మినహాయింపు ఇస్తూనే, నిర్ణయం అయిపోయి వ్యవహారం ముగిశాక ఆ నిర్ణయాన్నీ దాని కారణాలనూ, ఏ ఆధారాల మీద తీసుకున్నారో వాటినీ బయటపెట్టాలంటుంది, చట్టం విడిగా మినహాయించినవి తప్ప. మా జేజి అడిగిన ప్రశ్నే అది. ఎంతకి, ఎందుకు.

రెండోది రొయ్యల రైతు ఒకాయన కొంచెం కోపంగానే రాశారు, గుడ్డ చాటు బేరం అని మీరు ముచ్చటగా చెప్తున్నారు, గుంటల మీద మా బతుకు ఏందో తెలుసా అని. తెలుసు సార్. 2025 ఆగస్టు 7న అమెరికా తన దేశానికి పొయ్యే మన సరుకు మీద 25 శాతం సుంకం వేసింది, 27న ఇంకో 25 కలిసి 50 అయింది. అప్పుడు నేను మా బావ గుంట దగ్గరే ఉన్నా. ఒక చేత్తో చెక్ ట్రే పైకి లాగి రొయ్య మేత తిన్నదా లేదా చూస్తున్నాడు, ఇంకో చేత్తో ఫోను. ఇప్పుడే పట్టుబడి పట్టి రొయ్యలు అమ్మెయ్యాలా, రొయ్య బరువెక్కి కౌంట్, అంటే కిలోకు తూగే రొయ్యల లెక్క, తగ్గేదాకా ఆగాలా. ఆగితే రోజూ మేత, ఏరేటర్ల కరెంటు. "చర్చలు సానుకూలంగా సాగుతున్నాయంట, దానర్థం ఏంది, నువ్వు తెలుగు చదివినోడివి కదా చెప్పు" అన్నాడు నాతో. నేను చెప్పలేకపోయా. ఆ మాటలో అర్థమే లేదు. సానుకూలంగా అంటే ఎంత, ఎప్పటికి, ఎవరికి? మన వాళ్ళు అవతలి దేశంతో ఎక్కడిదాకా దిగుతారో ముందే చెప్పమని మా బావ అడగలేదు, బేరం తెలిసినోడు అది అడగడు. సుంకం తగ్గకపోతే గుంట మీద ఉన్నవాడికి ఏం చెయ్యాలని అనుకున్నారో చెప్పమన్నాడు. అది దాచాల్సిన అంకె కాదు. ఆ రోజు నాకు మోటుపల్లి రాయి మీది "ముప్పయ్యింట ఒకటి" గుర్తొచ్చి, చెప్పినా లాభం లేదని ఊరుకున్నా. వారం తర్వాత బావ పట్టుబడి పట్టేశాడు, వచ్చిన ధరకు.

కాబట్టి అక్కా, ఆ వాక్యంలో మీరు చాటుమాటు కొట్టెయ్యాలో ఉంచాలో ఇప్పుడే తేలదు. మంతనం ముగిశాక మంత్రులు వచ్చి ఎంతకు, ఎందుకు అని చెప్తే కొట్టెయ్యండి. చెప్పకపోతే ఆ రాసినవాళ్ళదే సరైన మాట, ఉండనివ్వండి.