‘తీర్చిదిద్దడం’ ఎప్పుడూ పొగడ్తేనా?

డిగ్రీ చదువుతున్న అమ్మాయి:

అందరికీ నమస్కారం. ఒక్క మాట దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. ఏదైనా ఒక నవల చదివి, అది చదివాక మనకేమనిపించిందో మూడు పేజీల్లో తెలుగులో రాయమన్నారు మా క్లాసులో. నేను తీసుకున్నది మ్యూరియల్ స్పార్క్ 1961లో రాసిన ‘ది ప్రైమ్ ఆఫ్ మిస్ జీన్ బ్రోడీ’. 1930ల ఎడిన్‌బరాలో ఒక ఆడపిల్లల బడి. బ్రోడీ అనే టీచర్ ఆరుగురు పిల్లల్ని ఏరుకుని తన జట్టుగా చేసుకుంటుంది. పాఠం పక్కనపెట్టి తన ప్రేమకథ, ఇటలీ చిత్రకారుల గొప్పదనం, దాంతోపాటే అక్కడి నియంత ముస్సోలినీ గొప్పదనం కూడా చెబుతుంటుంది. పిల్లలకు ఆమె అంటే ప్రాణం. చివరికి ఆ ఆరుగురిలోనే ఒకమ్మాయి, సాండీ, హెడ్మిస్ట్రెస్‌కు దారి చూపించి ఆవిడ ఉద్యోగం పోయేలా చేస్తుంది.

మొదటి వాక్యం ఇలా రాశాను: “బ్రోడీ తన పిల్లల్ని తీర్చిదిద్దింది.” మా సార్ ‘తీర్చిదిద్దింది’ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఇంకేం చెప్పలేదు. వ్యాకరణం తప్పా? లేక ఆ మాట మంచి టీచర్లకే వాడాలా? ఆవిడ మంచిదో కాదో నాకే ఇంకా తేలలేదు, అసలు టెన్షన్ అదే.

ఒక సభ్యుడు:

‘ప్రభావితం చేసింది’ అని రాసేయండి. గొడవ ఉండదు.

ఇంకొకరు:

గొడవ ఉండదు, రుచీ ఉండదు. తుఫాను ప్రభావిత ప్రాంతాలు అన్నట్టుగా ఉంటుంది. (ఆ నవలకు అది సరిపోతుందేమో, వేరే సంగతి.) ‘మలిచింది’ అంటే రాయి గుర్తొస్తుంది. ఉలి దెబ్బ తిన్న రాయి ఎదురుతిరగదు, సాండీ తిరిగింది కదా.

నిఘంటువుల పిచ్చి ఉన్నవాడు:

ముందు మాటను విప్పి చూద్దాం. ఇందులో రెండు క్రియలున్నాయి, రెండూ అచ్చ తెలుగే.

‘తీరు’ నుంచి ‘తీర్చు’. మార్చు–మార్పు, కూర్చు–కూర్పు లాగే తీర్చు–తీర్పు. అప్పు తీరుస్తాం, దాహం తీరుస్తాం, తగువు తీరుస్తాం, ముగ్గు తీరుస్తాం, బారులు తీరుస్తాం. అంటే ఇక మిగలకుండా ముగించడం ఒకటి, ఒక వరసలో అందంగా పెట్టడం ఒకటి. ‘తీరుగా ఉంది’ అన్నప్పుడు వినిపించేది ఈ రెండోదే.

ఇక ‘దిద్దు’. నాకు తెలుగులో చాలా ఇష్టమైన క్రియల్లో ఇదొకటి. పలక మీద అక్షరాలు దిద్దుతాం, పరీక్ష పేపర్లు దిద్దుతాం, కాటుక దిద్దుతాం, కనుబొమలు దిద్దుతాం. ముందు ‘సరి’ చేరిస్తే తప్పు పోగొట్టడం, ‘చక్క’ చేరిస్తే చెదిరినదాన్ని దారిలో పెట్టడం. గురజాడ 1910లో రాసిన కథ పేరు ‘దిద్దుబాటు’. అక్కడ బడీ లేదు, పంతులూ లేడు. భార్య కమలిని భర్త గోపాలరావును దిద్దుతుంది. ఇప్పుడదే మాట ‘దిద్దుబాటు చర్యలు’ అయి ఆఫీసు కాగితాల్లో చేరి ఎండిపోయింది, పాపం.

కాబట్టి వ్యాకరణం తప్పేమీ లేదు. వాడుకలో మాత్రం ‘తీర్చిదిద్దు’కు ఎప్పుడూ మంచి గంధమే పూశాం. ఫలానావాడు దొంగల్ని తీర్చిదిద్దాడు అని ఎవరూ అనరు, వెటకారానికి తప్ప. మీ సార్ ఆగింది అక్కడే అయుంటుంది.

రిటైరైన తెలుగు మాస్టారు:

అమ్మాయీ, నిఘంటువు బాబు చెప్పినదాంట్లో ఒక చిన్న సంగతి దాటిపోయింది. ‘అక్షరాలు దిద్దడం’లో దిద్దేది ఎవరు? పిల్ల. ‘పేపర్లు దిద్దడం’లో దిద్దేది ఎవరు? పంతులు. ఒకే క్రియ, బల్లకు అటూ ఇటూ ఉన్న ఇద్దరిదీ. ‘బోధించు’ పంతులుదే, ‘నేర్చుకొను’ పిల్లదే. ఇలా ఇద్దరూ పంచుకునే మాట నాకు ఇంకోటి తట్టడం లేదు.

పాత మాట ఒకటి చెబుతాను, ‘ఒజ్జబంతి’. ఒజ్జ అంటే ఉపాధ్యాయుడు, ఆ సంస్కృతపు మాట అరిగి అరిగి ఒజ్జ అయింది. బంతి అంటే ఆడే బంతి కాదు, పంక్తికి వికృతి. పిల్లవాడు చూసి రాయడానికి గురువు పైన రాసిచ్చే వరస అది. తర్వాత తర్వాత ‘ఆదర్శం’ అనే అర్థం వచ్చింది. ఆ వరస మీదే పిల్ల దిద్దుతుంది. మొదట గీత మీద గీత పడుతుంది, కొన్నాళ్ళకు చేయి తిరుగుతుంది, ఆ తర్వాత ఎవరి రాత వాళ్ళది. చేయి తిరిగాక కూడా నా గీత మీదే దిద్దు అని పట్టుబట్టే ఒజ్జ ఉంటే? నీ నవల ఇదేననిపిస్తోంది. నేను చదవలేదు, నువ్వు చెప్పినదాన్ని బట్టి అంటున్నాను.

పోతన పద్యం నీకూ వచ్చే ఉంటుంది, సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడు తండ్రితో అనేది:

చదివించిరి నను గురువులు
చదివితి ధర్మార్థ ముఖ్య శాస్త్రంబులు నే
జదివినవి గలవు పెక్కులు
చదువులలో మర్మమెల్ల జదివితి దండ్రీ

గురువులు కర్తగా ఉన్న క్రియ ఒక్కటే, ‘చదివించిరి’. ఆ తర్వాత ‘చదివితి’ రెండుసార్లు, రెండింటికీ కర్త నేనే. మొదటి ‘చదివితి’ గురువులు పెట్టిన శాస్త్రాలకు, చివరిది మర్మానికి. చండామార్కులు ఆ మర్మం చెప్పలేదు. వాళ్ళు చెప్పమన్నది చెప్పారు, వాడు చదవాల్సింది చదివాడు. అయినా పద్యం ఎత్తుకోవడం మాత్రం గురువులతోనే ఎత్తుకున్నాడు చూడు.

నవల చదివిన మరొకరు:

మాస్టారూ, మీరు చదవకుండానే బాగా పట్టుకున్నారు. ఆ నవలలో కూడా ఒక మాట మీద పేచీ ఉంది. ఎడ్యుకేషన్ అన్న మాటను బ్రోడీ లాటిన్ నుంచి విడగొడుతుంది. చదువంటే పిల్లలో అప్పటికే ఉన్నదాన్ని బయటికి తీసుకురావడం, హెడ్మిస్ట్రెస్ చేసేది లేనిదాన్ని లోపలికి దూర్చడం అని పిల్లలకు చెబుతుంది. వినడానికి ఎంత బాగుందో! చేసేది మాత్రం తన ఇష్టాల్ని వాళ్ళలోకి దూర్చడమే. ఎవరు ఎవరికి ప్రేయసి కావాలో కూడా తనే తేలుస్తుంది. వ్యుత్పత్తి చెప్పేవాళ్ళందరినీ నమ్మకూడదని అప్పుడే అనుకున్నాను. నిఘంటువు బాబు ఏమీ అనుకోకూడదు.

నిఘంటువుల పిచ్చి ఉన్నవాడు:

అనుకున్నాను. 🙂

డిగ్రీ చదువుతున్న అమ్మాయి:

మాస్టారూ, మీ జవాబు చదివి నా నోటుబుక్కు తీసి చూసుకున్నాను. నేను రాసే ‘అ’ మా మూడో తరగతి టీచర్ ‘అ’ లాగే ఉంటుంది, కింద సున్నా కాస్త పెద్దగా. ఆవిడ మొహం సరిగ్గా గుర్తులేదు. ఆవిడంటే నాకు పెద్ద ఇష్టం కూడా ఉండేది కాదు. అయినా ఆ సున్నా ఉంది. నవల చదువుతున్నప్పుడు నాకు బ్రోడీ మీద కోపం రావాల్సిన చోట రాకపోవడానికి కారణం ఇదేనేమో. ఇది రాయొచ్చా అని అనుమానం, నవలకు సంబంధం లేదు కదా.

మళ్ళీ మొదలుపెట్టాను: “బ్రోడీ ఒజ్జబంతి రాసిచ్చింది. సాండీ తప్ప అందరూ దాని మీదే దిద్దారు.”

నవల చదివిన మరొకరు:

రాయండి, స్పందన మీదే కదా. కానీ రెండో వాక్యం నిలబడదండీ. ఆ ఆరుగురిలో రోజ్‌ని చూడండి, కుక్క ఒంటి మీది నీళ్ళు విదిల్చుకున్నట్టు బ్రోడీని విదిల్చుకుని వెళ్ళిపోయిందని రచయిత్రి రాసింది. ఇంకొకమ్మాయి జెన్నీ నటి అయింది. ఆ గీత మీద గీత పడేలా దిద్దింది ఒక్కతే, జాయిస్ ఎమిలీ. ఆ అమ్మాయి జట్టులో పిల్ల కూడా కాదు, తర్వాత వచ్చింది. బ్రోడీ మాట విని అంతర్యుద్ధంలో సైన్యాధిపతి ఫ్రాంకో తరఫున పోరాడతానని స్పెయిన్ బయల్దేరింది, దారిలోనే చనిపోయింది. సాండీ సంగతా? బ్రోడీని పట్టించింది, 1939లో ఆవిడ బడి వదలాల్సొచ్చింది. సాండీ తర్వాత నన్ అయింది. మనస్తత్వం మీద ఆవిడ రాసిన పుస్తకానికి పేరొచ్చింది. చిన్నప్పుడు మీ మీద ఎక్కువ ప్రభావం ఏమిటి, సాహిత్యమా, రాజకీయమా, మతమా అని వచ్చినవాళ్ళు అడిగితే ఆవిడ నోట వచ్చిన పేరేమిటి?

డిగ్రీ చదువుతున్న అమ్మాయి:

బ్రోడీ పేరే. అవును. చివరి పేజీ రెండుసార్లు చదివాను, ఇలా మాత్రం అనుకోలేదు. సార్‌కి ఇచ్చేది ఇప్పుడిలా మార్చాను, చూసి చెప్పండి:

“బ్రోడీ తన విద్యార్ధినులకు ఒజ్జబంతి రాసిచ్చింది. రోజ్ ఆ పలక తుడిచేసింది. జాయిస్ ఎమిలీ గీత తప్పకుండా దిద్దింది, అందుకే చనిపోయింది. సాండీ ఆ వరసను కొట్టేసి తన వరస రాసుకుంది. కానీ కొట్టేసిన గీత కింద పాత అక్షరాలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. బ్రోడీ వీళ్ళని తీర్చిదిద్దిందని మొదట రాశాను. తీర్చాలని చూసింది, అంతవరకే చెప్పగలను. దిద్దింది వాళ్ళు. నా ‘అ’ కింద సున్నా మాత్రం మా మూడో తరగతి టీచర్‌ది.”

నిఘంటువుల పిచ్చి ఉన్నవాడు:

‘తీర్చి’ని ‘దిద్ది’ నుంచి విడగొట్టి ఇద్దరికి పంచడం నిఘంటువులో లేదు. ఉండాల్సింది.

రిటైరైన తెలుగు మాస్టారు:

బాగుందమ్మా. కానీ ‘విద్యార్ధినులు’ కాదు, ‘విద్యార్థినులు’. థ కింద వత్తు, లోపల చుక్క. ధ వేరు. మీ సార్ ఎర్ర సున్నా దీనికీ ఒకటి దాచుకుని ఉంటారు.

డిగ్రీ చదువుతున్న అమ్మాయి:

దిద్దుకున్నాను మాస్టారూ.